రైలు మారింది... తలుపే మారాలి!

రంగు మారింది. కరెంటు మారింది. మోటారు మారింది. కంపెనీ మారింది. ముంబయి లోకల్‌ రైలు ఈ వందేళ్లలో ఎన్నోసార్లు కొత్తబట్టలు కట్టుకుంది. మారనిది ఒక్కటే... ఎప్పుడూ తెరిచే ఉండే తలుపు. దాన్ని మూయడానికి ఓ మహానగరం పడుతున్న పాట్లు ఇన్నీ అన్నీ కావు!

2016 ఏప్రిల్‌ 9. ముంబయిలోని కుర్లా స్టేషన్‌. రాత్రి పొద్దుపోయింది. మామూలుగా అయితే ఆ వేళకి ఇళ్లు చేరే ఆఖరి ప్రయాణికులు తప్ప ప్లాట్‌ఫాం మీద పెద్దగా జనం ఉండరు. ఆరోజు మాత్రం సందడే సందడి. రైళ్లంటే ప్రాణంపెట్టే అభిమానులు ఓ పాత లోకల్‌కి వీడ్కోలు చెప్పడానికి వచ్చారు. హార్బర్‌ మార్గంలో డీసీ కరెంటుతో నడిచే ఆఖరి లోకల్‌ రైలు అది. కుర్లా నుంచి బయల్దేరి ఛత్రపతి శివాజీ టర్మినస్‌ చేరింది. అంతే, ఓ శకం ముగిసింది.

చిత్రమేమిటంటే ఆ శకం మొదలైందీ అక్కడే. 1925 ఫిబ్రవరి 3న దేశంలోనే మొట్టమొదటి విద్యుత్‌ రైలు నాలుగు పెట్టెలతో పరుగుతీసింది అప్పటి విక్టోరియా టర్మినస్‌ నుంచి కుర్లాకే. ఆ స్టేషన్‌ పేరు మారిందిగానీ మార్గం అదే, కరెంటు అదే... 1,500 వోల్టుల డీసీ. మధ్యలో గడిచినవి 91 ఏళ్లు!

ముంబయిలో పాత రైళ్లు పోయి కొత్తవి రావడం అంటే షోరూమ్‌కి వెళ్లి పాత బండి ఇచ్చి కొత్తది తెచ్చుకున్నంత తేలిక కాదు. నడుస్తున్న రైళ్లను ఆపకుండా, రోజూ లక్షలాదిమందిని గమ్యం చేరుస్తూనే మొత్తం వ్యవస్థను మార్చాలి. పరుగెత్తే మనిషికి చెప్పులు మార్చడం లాంటిదన్నమాట.

ఇంజినే లేని రైలు

లోకల్‌కి మన ఎక్స్‌ప్రెస్‌ రైళ్లకున్నట్లు ముందు ఇంజినూ వెనక పెట్టెలూ ఉండవు. కొన్ని పెట్టెలకే కింద మోటార్లు అమర్చి ఉంటాయి. వాటిని మోటార్‌ కోచ్‌లంటారు. మామూలు పెట్టెలూ మోటార్‌ కోచ్‌లూ కలిపి ఓ వరసగా కూర్చితే రేక్‌. రెండు చివర్లా డ్రైవరు గదులుంటాయి కాబట్టి వెనక్కి తిప్పే పనిలేదు. చివరి స్టేషన్‌ చేరగానే మోటర్‌మ్యాన్‌ ఈ చివర దిగితే, ఆ చివర నుంచి తిరుగు ప్రయాణం మొదలైపోతుంది. హైదరాబాద్‌లో 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్‌ రైళ్లదీ ఇదే తీరు.

అయితే ముంబయితో పోలిస్తే ఎంఎంటీఎస్‌ పిల్లకాలువ. పశ్చిమ, మధ్య, హార్బర్‌ మార్గాలన్నీ కలిపి అక్కడ రోజుకు 3,000కు పైగా లోకల్‌ సర్వీసులు నడుస్తాయి. కరోనాకు ముందు రోజూ 75 లక్షలమంది ఎక్కిదిగేవారని లెక్క. రద్దీవేళల్లో మూడు నాలుగు నిమిషాలకో బండి వస్తుంది. అయినా కాలు పెట్టే చోటుండదు. రైల్వేవాళ్లు ఈ రద్దీకి ప్రత్యేకంగా ఓ పేరే పెట్టుకున్నారు... ‘సూపర్‌ డెన్స్‌ క్రష్‌ లోడ్‌’. అంటే చదరపు మీటరు చోటులో 14 నుంచి 16 మంది! ఇంట్లో ఓ చిన్న డైనింగ్‌ టేబుల్‌ పరిచినంత చోటులో అంతమంది నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆ గుంపులో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. ఒకప్పుడు పరేల్‌ ప్రాంతపు బట్టల మిల్లుల్లో పనిచేసిన కరీంనగర్‌, వరంగల్‌, నల్గొండ జిల్లాల పద్మశాలీలు, భవనాల పనులకు వెళ్లిన పాలమూరు కూలీలు, ఇప్పటి సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగులు... ముంబయిలో బతుకు వెతుక్కున్నవాళ్లందరికీ లోకల్‌తోనే తెల్లవారుతుంది, లోకల్‌తోనే పొద్దుగూకుతుంది.

కరెంటు ఎందుకు మార్చారు?

అసలు కథ తీగల దగ్గర మొదలవుతుంది. 1925లో 1,500 వోల్టుల డీసీ అంటే ఆధునికమే. నాలుగు పెట్టెల రైలుకు అది చాలు. తర్వాత పెట్టెలు తొమ్మిదయ్యాయి, పన్నెండయ్యాయి. రైళ్ల సంఖ్యా పెరిగింది. అక్కడొచ్చింది చిక్కు.

వోల్టేజీ తక్కువైతే అదే శక్తికి ఎక్కువ కరెంటు లాగాలి. సన్నటి గొట్టంలోంచి ఎక్కువ నీళ్లు పంపాలని చూస్తే ఏమవుతుందో ఇక్కడా అంతే... తీగలు వేడెక్కుతాయి, కరెంటు దారిలోనే వృథా అవుతుంది. అందుకే డీసీ మార్గంలో నాలుగైదు కిలోమీటర్లకో సబ్‌స్టేషన్‌ పెట్టాల్సి వచ్చేది. అదే 25,000 వోల్టుల ఏసీ అయితే అదే శక్తికి పదిహేడో వంతు కరెంటు సరిపోతుంది. సబ్‌స్టేషన్లూ బాగా తగ్గుతాయి. దేశంలో మిగతా మార్గాలన్నీ దశాబ్దాల కిందటే ఏసీకి వెళ్లిపోయాయి. ముంబయి మాత్రం మొదట మొదలుపెట్టిన పాపానికి పాతపద్ధతిలోనే మిగిలిపోయింది!

మారుద్దామంటే రెండు అడ్డంకులు. ఒకటి, తీగల్లో ఏసీ పారిస్తే పాత డీసీ రైళ్లు కదలవు. వందలాది కిలోమీటర్ల మార్గాన్ని ఒక్క రాత్రిలో మార్చడం అయ్యే పని కాదు. అందుకే రెండురకాల కరెంటుతోనూ నడిచే రేక్‌లను తయారుచేయించారు. సగం దారి డీసీ, సగం దారి ఏసీ ఉన్నా ఇవి ఆగకుండా వెళ్లగలవు. ముందు రైళ్లు మార్చి, ఆ తర్వాత తీగలు మార్చారన్నమాట.

రెండోది, బ్రిటిష్‌ కాలంనాటి వంతెనలు. 25,000 వోల్టుల తీగకు చుట్టూ ఎక్కువ ఖాళీ ఉండాలి. పట్టాల మీదుగా వెళ్లే పాత రోడ్డు వంతెనలు అంత ఎత్తులో లేవు. కొన్నిచోట్ల పట్టాలను కిందికి దించారు. శాండ్‌హర్స్ట్‌ రోడ్‌ స్టేషన్‌ దగ్గరున్న 19వ శతాబ్దపు హాంకాక్‌ వంతెనను 2016 జనవరిలో రైళ్లు ఆపేసి మరీ కూల్చారు. రైలు పెట్టె మార్చాలంటే రోడ్డు వంతెన పడగొట్టాల్సి రావడం... ఓ నగరం ఎంతగా అల్లుకుపోయి ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏముంటుంది?

మొత్తానికి పశ్చిమ మార్గం 2012లో, మధ్య రైల్వే ప్రధాన మార్గం 2015లో, హార్బర్‌ మార్గం 2016లో ఏసీకి మారాయి. అలా కుర్లాలో ఆ రాత్రి వీడ్కోలు సభ జరిగింది.

కొత్త బండి... కొత్త సుఖాలు

ఈ పనంతా నడిపించడానికి 1999లో రైల్వేశాఖ, మహారాష్ట్ర ప్రభుత్వం కలిసి ముంబయి రైల్వే వికాస్‌ కార్పొరేషన్‌ను ఏర్పాటుచేశాయి. ప్రపంచబ్యాంకు అప్పు ఇచ్చింది. 2007 నవంబరులో తెలుపు, ఊదారంగుల్లో మెరిసిపోతూ మొదటి కొత్త రేక్‌ పట్టాలెక్కింది. పెట్టెలు చెన్నైలోని ఇంటిగ్రల్‌ కోచ్‌ ఫ్యాక్టరీవి, విద్యుత్‌ పరికరాలు జర్మనీ కంపెనీ సీమెన్స్‌వి. ముంబయివాళ్లు దాన్ని ‘సీమెన్స్‌ రేక్‌’ అనే పిలిచారు. 2015లో బంబార్డియర్‌ పరికరాలున్న రేక్‌లు వచ్చాయి. 2018లో వచ్చిన రేక్‌లది మాత్రం మనకు మరింత దగ్గర కథ. వాటిలోని మోటార్లను నడిపించే వ్యవస్థను తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన మేధా సర్వో డ్రైవ్స్‌. అంతకుముందు విదేశీ కంపెనీల నుంచి తెప్పించుకున్న పరిజ్ఞానం అది. తొలి వందేభారత్‌ రైలుకూ ఈ సంస్థే ఆ పరికరాలు అందించింది.

పాత బండికీ కొత్త బండికీ తేడా ఏమిటి? పాత రేక్‌లలో వేగాన్ని అదుపు చేయడానికి పెద్దపెద్ద రెసిస్టెన్సులు వాడేవారు. రైలు కదిలిన ప్రతిసారీ కొంత కరెంటు వాటిలో వేడిగా మారి గాలిలో కలిసిపోయేది. ఆగిన ప్రతిసారీ బ్రేకుల రాపిడితో మరికొంత పోయేది. రెండు మూడు నిమిషాలకో స్టేషన్‌లో ఆగే బండికి అదెంత నష్టమో చెప్పక్కర్లేదు. కొత్తవాటిలో బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటును తిరిగి తీగల్లోకి పంపిస్తాయి. అంటే ఆగుతున్న రైలు, కదులుతున్న మరో రైలుకు సాయం చేస్తుందన్నమాట. దీనివల్ల 30 శాతం వరకూ కరెంటు ఆదా అవుతుందని అంచనా.

ప్రయాణికుడికి తెలిసే మార్పులు వేరే ఉన్నాయి. పాత పెట్టె జనంతో నిండితే స్ప్రింగులు అణిగి కిందికి కుంగేది. ప్లాట్‌ఫాంకీ పెట్టె నేలకీ మధ్య ఎత్తు మారిపోయేది. కొత్తవాటిలో గాలితో నిండిన స్ప్రింగులు అమర్చారు. బరువు పెరిగినా పెట్టె ఎత్తు దాదాపు ఒకేలా ఉంటుంది. పైకప్పు నుంచి తాజా గాలిని లోపలికి పంపే బ్లోయర్లు పెట్టారు. కిటికీలు పెద్దవయ్యాయి. వచ్చే స్టేషన్‌ పేరు చెప్పే ప్రకటనలూ వినిపించాయి.

ఇన్ని మార్చారు. మరి తలుపు?

అది మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంది.

తెరిచిన తలుపు... మూయని గాయం

లోకల్‌ తలుపు ఎందుకు మూయరు? వినడానికి తేలికైన ప్రశ్న. జవాబు మాత్రం అంత తేలిక కాదు.

మొదటి కారణం గాలి. సముద్రపు ఉక్కపోతలో ఒకరినొకరు ఒరుసుకుంటూ నిలబడ్డ వందలమందికి తలుపుల్లోంచి వచ్చే గాలే ఊపిరి. అవి మూసేస్తే లోపల ఉక్కిరిబిక్కిరే. రెండోది సమయం. చాలా స్టేషన్లలో లోకల్‌ ఆగేది అర నిమిషం లోపే. బండి పూర్తిగా ఆగకముందే దిగేవాళ్లు దిగుతుంటారు, ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు. తలుపు తెరుచుకుని, అందరూ ఎక్కాక మూసుకుని, అప్పుడు బండి కదలాలంటే స్టేషన్‌కు అదనంగా పది సెకన్లు పడుతుందనుకుందాం. పాతిక స్టేషన్లలో ఆగే బండికి అది నాలుగు నిమిషాలు దాటుతుంది. మూడు నాలుగు నిమిషాలకో రైలు నడిచేచోట అంత ఆలస్యమంటే వెనక ఇంకో బండి వచ్చి కూర్చున్నట్లే!

మూడోది రద్దీ. తలుపు దగ్గర వేలాడేవాళ్లంతా సరదాకి వేలాడరు. లోపల చోటులేక కొందరు, తర్వాతి స్టేషన్‌లో దిగలేమేమోనన్న భయంతో కొందరు. ఈ బండి పోతే ఆఫీసులో ఆలస్యం, ఆలస్యమైతే జీతంలో కోత. ఆ లెక్కలో ప్రాణం చివరికి వెళ్లిపోతుంది.

ఫలితం? మామూలు ఏడాదిలో ముంబయి సబర్బన్‌ మార్గాల్లో 2,000 మందికి పైగా చనిపోతుంటారు. పట్టాలు దాటుతూ పోయేవాళ్లే అందులో ఎక్కువ. నడుస్తున్న బండి నుంచి జారిపడి పోయేవాళ్లూ వందల్లోనే ఉంటారు. పట్టాల పక్కన విద్యుత్‌ స్తంభాలు తగిలేవాళ్లు కొందరు, చెయ్యి పట్టుతప్పేవాళ్లు కొందరు. 2024లో ఈ మరణాలపై దాఖలైన ప్రజాహిత వ్యాజ్యాన్ని విచారిస్తూ బాంబే హైకోర్టు రైల్వేను గట్టిగానే మందలించింది. ప్రయాణికులను తీసుకెళ్తున్న తీరు సిగ్గుపడేలా ఉందని వ్యాఖ్యానించింది.

చల్లటి బండి... వేడి వేడి గొడవ

తలుపు మూసుకునే మొదటి లోకల్‌ 2017 డిసెంబరు 25న వచ్చింది. బోరివలి నుంచి చర్చిగేట్‌కు. అది ఏసీ లోకల్‌. ఇక్కడ ఏసీ అంటే తీగల్లో కరెంటు కాదు, పెట్టెలో చల్లదనం! ఆటోమేటిక్‌ తలుపులు, కిటికీలకు పెద్ద అద్దాలు, పెట్టె నుంచి పెట్టెకు నడిచివెళ్లే దారి. జారిపడే ప్రసక్తే లేదు.

అయితే టికెట్‌ ధర చూసి చాలామంది వెనక్కి తగ్గారు. 5 కిలోమీటర్లకు 65 రూపాయలు. రద్దీవేళల్లో మామూలు బండి కిటకిటలాడుతుంటే దాని పక్కనే ఏసీ బండి సగం ఖాళీగా వెళ్లిన రోజులున్నాయి. చివరికి 2022 మేలో రైల్వే ఆ 65ని 30 చేసింది. 25 కిలోమీటర్ల టికెట్‌ 135 నుంచి 65 రూపాయలకు దిగింది. రోజువారీ టికెట్ల ధర సగమయ్యాక ఏసీ లోకల్‌కూ జనం పెరిగారు. నెల పాసుల ధర మాత్రం అప్పుడు తగ్గలేదు. రోజూ ప్రయాణించేవాళ్లకు కావాల్సింది అదే కదా!

అసలు గొడవ ఆ తర్వాత వచ్చింది. పట్టాలు అవే, సిగ్నళ్లు అవే. కొత్త బండికి కొత్త సమయం ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే కొన్ని మామూలు లోకల్స్‌ తీసేసి వాటి స్థానంలో ఏసీ లోకల్స్‌ పెట్టారు. 2022 ఆగస్టులో కల్వా, బద్లాపూర్‌ స్టేషన్లలో ప్రయాణికులు తిరగబడ్డారు. తాము రోజూ ఎక్కే బండిని తీసేసి, తాము కొనలేని టికెట్‌ బండిని పెట్టడం ఏం న్యాయమని నిలదీశారు. అదే నెలలో మధ్య రైల్వే కొత్తగా పెట్టిన ఏసీ సర్వీసులను వెనక్కి తీసుకుని మామూలు బండ్లనే నడిపింది.

పాత బండి పోయి మంచి బండి వస్తే జనం వద్దన్నారా? కాదు. తమ బండి పోయి వేరేవాళ్ల బండి వచ్చిందనుకున్నారు. రైల్వేకి అది రేక్‌ మార్పు. ప్రయాణికుడికి అది 9 గంటల 10 నిమిషాల బండి పోవడం. ఈ రెంటికీ తేడా ఉంది.

ముంబ్రా మలుపు

2025 జూన్‌ 9, సోమవారం. వారం మొదటిరోజు కాబట్టి రద్దీ మామూలుగానే ఎక్కువ. ఠాణె జిల్లాలోని దివా, ముంబ్రా స్టేషన్ల మధ్య వంపు తిరిగే చోట రెండు లోకల్స్‌ ఎదురెదురుగా పక్క పక్క పట్టాల మీద దాటుకున్నాయి. రెండింటిలోనూ ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతున్నారు. ఆ కొద్ది క్షణాల్లో 13 మంది కిందపడ్డారు. ఆరోజే నలుగురు చనిపోయారు. వాళ్లెవరూ పట్టాలు దాటలేదు. బండి పట్టాలు తప్పలేదు. రెండు రైళ్లూ వెళ్లాల్సిన దారిలోనే వెళ్లాయి. తలుపులు తెరిచి ఉన్నాయి, అంతే!

దేశమంతా ఆ వార్త చూసి ఉలిక్కిపడింది. వెంటనే రైల్వేశాఖ ఓ నిర్ణయం ప్రకటించింది... ముంబయికి ఇకపై తయారయ్యే కొత్త రేక్‌లన్నిటికీ ఆటోమేటిక్‌ తలుపులు ఉంటాయని. ఏసీ బండ్లకే కాదు, మామూలు టికెట్‌తో ఎక్కే నాన్‌ఏసీ బండ్లకీ. చెన్నై ఫ్యాక్టరీ ఇంజినీర్లతో చర్చించి మూడు మార్పులు చేయాలనుకున్నారు. తలుపులకు గాలి చొరబడేలా పలకల మధ్య సందులు పెట్టడం ఒకటి. పైకప్పు మీద నుంచి తాజా గాలిని పంపే యంత్రాలు అమర్చడం రెండోది. ఓ పెట్టెలో రద్దీ ఎక్కువైతే పక్క పెట్టెలోకి నడిచివెళ్లేలా మధ్యలో దారి ఇవ్వడం మూడోది. 2025 నవంబరు కల్లా మొదటి రేక్‌ సిద్ధంచేసి, పరీక్షలయ్యాక 2026 జనవరిలో నడపాలన్నది అప్పుడు పెట్టుకున్న గడువు.

గమనిస్తే ఈ మూడింటిలో రెండు గాలికి సంబంధించినవే. దశాబ్దాలుగా తలుపు మూయకపోవడానికి చెప్పిన మొదటి కారణానికి జవాబు దొరికినట్లే. మిగిలిన రెండూ... సమయం, రద్దీ. వాటికి జవాబు పెట్టె తయారుచేసే ఫ్యాక్టరీలో దొరకదు. తలుపు సందులో కాలు పెట్టినవాడు లోపలికి జరగలేకపోతే తలుపు మూసుకోదు. తలుపు మూసుకోకపోతే బండి కదలదు. ఏసీ లోకల్స్‌లో ఇప్పటికే ఎదురైన అనుభవమే అది. రద్దీవేళల్లో సిబ్బంది వచ్చి ప్రయాణికులను లోపలికి నెట్టి తలుపు మూయించాల్సిన పరిస్థితి!

ఒక్క బండి చాలదు

అందుకే రేక్‌లు మార్చడంతోపాటు చేయాల్సినవి మరికొన్ని ఉన్నాయి. 2009లోనే పశ్చిమ మార్గంలో 15 పెట్టెల లోకల్‌ మొదలైంది. 12 పెట్టెల బండి కన్నా అది పాతికశాతం ఎక్కువమందిని తీసుకెళ్తుంది. కాకపోతే అంత పొడవు బండికి సరిపడా ప్లాట్‌ఫాంలు ఉండాలి. ఠాణె, దివా మధ్య 2022 ఫిబ్రవరిలో అయిదు, ఆరో లైన్లు వచ్చి దూరప్రాంతపు రైళ్లకూ లోకల్స్‌కూ దారులు వేరయ్యాయి. రైలుకూ రైలుకూ మధ్య దూరాన్ని కంప్యూటర్లే చూసుకునే కొత్త సిగ్నళ్ల వ్యవస్థ తేవాలన్న ప్రణాళికా ఉంది. 238 ఏసీ రేక్‌లు కొనాలన్నది మరో ప్రణాళిక. తలుపు మూసుకోవడానికి పట్టే ఆ పది సెకన్లను ఎక్కడో ఓచోట సంపాదించాలంటే ఇవన్నీ కావాల్సిందే.

వాటన్నిటికన్నా ముఖ్యం టికెట్‌. తలుపు మూసుకునే బండి డబ్బున్నవాళ్లదీ, తెరిచి ఉండే బండి లేనివాళ్లదీ అయితే మళ్లీ కల్వా, బద్లాపూర్‌లే ఎదురవుతాయి. అందుకే నాన్‌ఏసీ బండికి తలుపు అన్న ఆలోచన అంత ముఖ్యమైంది. కట్టుకునే ఇల్లు పెద్దదా చిన్నదా అన్నది తర్వాత సంగతి. ఏ ఇంటికైనా తలుపు ఉండాలిగా!

ముంబయి అనుభవం మనకూ పాఠమే. హైదరాబాద్‌ ఎంఎంటీఎస్‌లోనూ తలుపు దగ్గర వేలాడే కుర్రాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఇక్కడి రద్దీ ఇంకా అక్కడిదాకా రాలేదు. వచ్చేవరకూ ఆగి అప్పుడు ఆలోచిస్తే వంతెనలు కూల్చాల్సి వస్తుంది, జనంతో గొడవపడాల్సి వస్తుంది. ముంబ్రాలు చూడాల్సి వస్తుంది.

1925లో నాలుగు పెట్టెల రైలు కుర్లాకు వెళ్లినప్పుడు అందరూ చూసింది ఇంజిన్‌ లేకుండా పొగ రాకుండా నడిచే వింతనే. 2007లో చూసింది మెరిసే రంగులనీ పెద్ద కిటికీలనీ. రేపు రాబోయే బండిలో మాత్రం చూడాల్సింది ఒక్కటే. పొద్దున ఆఫీసుకని బయల్దేరిన మనిషి సాయంత్రం అదే బండిలో క్షేమంగా ఇల్లు చేరాడా లేదా అని. కొత్త రైలు నిజంగా కొత్తదో కాదో తేల్చేది అదే!

లోకల్‌... కొన్ని మజిలీలు

1853: బోరీబందర్‌ నుంచి ఠాణెకు దేశంలో తొలి ప్రయాణికుల రైలు.
1925: హార్బర్‌ మార్గంలో మొదటి విద్యుత్‌ లోకల్‌.
1928: పశ్చిమ మార్గంలోనూ విద్యుత్‌ రైళ్లు.
1992: చర్చిగేట్‌, బోరివలి మధ్య మహిళల కోసం ప్రత్యేక లోకల్‌.
2007: రెండురకాల కరెంటుతో నడిచే సీమెన్స్‌ రేక్‌ల రాక.
2009: 15 పెట్టెల లోకల్‌.
2016: డీసీ రైళ్లకు వీడ్కోలు.
2017: మొదటి ఏసీ లోకల్‌, ఆటోమేటిక్‌ తలుపులతో.
2018: హైదరాబాద్‌ మేధా పరికరాలతో కొత్త రేక్‌లు.
2025: ముంబ్రా దుర్ఘటన. నాన్‌ఏసీ రేక్‌లకూ తలుపులు పెట్టాలన్న నిర్ణయం.